మళయాళపు నల్లకాయితాలు

“గీ నల్లకాయితాలు ఎవలన్న చూస్తే ఏమనుకుంటరో జర సోంచాయించినవా బిడ్డా?”

నీల ఈ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. కోరుట్లలో ఆ పొద్దు ఎండ మెత్తగా ఉంది. డాబా మీద బట్టలు ఆరేసే తీగకు ఏడు పెద్ద కాగితాలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కొక్కటి చాపంత ఉంది. కాగితమంతా మసినలుపు. ఆ నలుపులో తెల్లగా, గుండ్రంగా, వంకర్లు తిరిగిన గుర్తులు. నీల కళ్ళకు అవి పురుగులు పాకిపోయిన జాడల్లా ఉన్నాయి.

“ఏమనుకుంటరు? కాయితాలు ఆరేసిర్రు అనుకుంటరు,” అంది కల్యాణి, పళ్ళ మధ్య క్లిప్పు పట్టుకుని.

“ఉత్త కాయితాలు గావివి. నాకే గుండె దడదడ కొట్టుకుంటాంది. వేరేటోల్లకు ఎట్లుంటది?”

“నీకు ఎప్పుడు కొట్టుకోలేదమ్మా గుండె?”

అందులో అబద్ధమేమీ లేదు. నీల బస్సెక్కితే ముందు డ్రైవరు కళ్ళు చూసేది, రాత్రి సరిగా నిద్రపోయిన మనిషో కాదో తేల్చుకుని గానీ సీట్లో కూర్చునేది కాదు. గ్యాసు బండ పేలుతుందని చలికాలంలో కూడా వంటింటి కిటికీ మూయనిచ్చేది కాదు. కూతురు ఫోను రెండుసార్లు మోగి ఎత్తకపోతే, మూడోసారికి కూతురు ఏ దవాఖానలో ఏ మంచం మీద ఉందో కూడా ఆమెకు కనబడిపోయేది. సిరిసిల్లలో నాలుగు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేయించే ఆమె భర్త గంగారాం నవ్వేవాడు. “నీ భయాన్ని సాంచెకు కడితే కరెంటు లేకున్నా నడుస్తదే” అనేవాడు.

ఈసారి భయం పెద్దదే అయింది. అందుకే వేములవాడలో బస్సు మారి, రుద్రంగి, కథలాపూర్ మీదుగా వచ్చి కూతురి దగ్గర నాలుగు రోజులుగా మకాం పెట్టింది. కల్యాణికి ఇరవయ్యారేళ్ళు. జగిత్యాల కాలేజీలో వారానికి మూడు రోజులు పాఠాలు చెబుతుంది. మిగతా రోజులు తన పరిశోధన. కోరుట్లలో శ్రీనివాస్ రావు ఇంటి పైగది అద్దెకు తీసుకుంది. వేరే మెట్లు, పెద్ద డాబా ఉన్నాయని. మొన్ననే నెల రోజులు కేరళ తిరిగి వచ్చింది. ఒక్కతే. ఆ నెలలో నీల నాలుగు కిలోలు తగ్గింది.

“అసలు ఏందివి?” అంది నీల, కాగితాలకు రెండడుగుల దూరంలో నిలబడి.

“రాళ్ళమీద రాతలమ్మా. పాత గుళ్ళల్ల గోడలకు, బండలకు చెక్కినయి. తడికాయితం రాయికి అతికిచ్చి, బ్రష్షుతోని కొట్టి, పైనకెళ్ళి సిరా అద్దుతె అక్షరం తెల్లగ మిగుల్తది. రైల్ల చుట్ట చుట్టి తెచ్చిన గద, చెమ్మ పట్టింది. ఆరేయకుంటె బూజు పడ్తది.”

“ఎన్నేండ్లయివి?”

“వెయ్యేండ్ల పైన.”

వెయ్యేళ్ళు అనగానే నీలకు చచ్చిపోయినవాళ్ళు గుర్తుకు వచ్చారు. చెక్కినవాడు, చెక్కించినవాడు, నిలబడి చదివినవాళ్ళు అందరూ పోయారు. పోయినవాళ్ళ మాటలు తన బిడ్డ చున్నీ పక్కన తీగ మీద ఊగుతున్నాయి.

“మళయాళమా?”

“గదే కద నా గొడవ. తమిళపోల్లను అడిగితె తమిళమే అంటరు. కేరళోల్లను అడిగితె మా భాషే, దాని చిన్నప్పటిది అంటరు. చెక్కినాయన్ను అడిగితె ఏం పేరు చెప్పెటోడో ఎవలికి ఎరుక? అప్పటికింక అవి రెండు కాలేదాయె.”

“తమిళం తల్లి, మళయాళం బిడ్డ అంటివి కద మొన్న?”

“కొందరు గట్ల అంటరని చెప్పిన. ఇంకొందరు కాదంటరు. రెండూ అక్కచెల్లెండ్లే, కన్నతల్లి వేరే ఉండె, ఆమె ఇప్పుడు లేదు అంటరు.”

“గట్లెట్లనే? కన్నతల్లి ఎవలో ఎరుక లేకుంట పోతదా?”

కల్యాణి నవ్వింది. “బాపు ఒకటే నూలు రెండు సాంచెలకు ఎక్కిస్తడు సూడు. ఒకదాని మీద మీటర్లకు మీటర్లు తెల్లబట్ట, ఇంకోదాని మీద అంచు చీర. ఇప్పుడు చెప్పు, ఏ బట్ట ఏ బట్టను కన్నది?”

“బట్ట బట్టను కంటదా, పిచ్చిపిల్లా?”

“నేను గూడ గదే అంటున్న.”

“మరి ఎందుకు ఇడిపోయినయి? కొట్లాడుకున్నరా?”

“ఏం కొట్లాడలే. నడిమిట్ల కొండలున్నయి. అటోల్లు అటు, ఇటోల్లు ఇటు. రాకపోకలు పలచబడ్డయి. కొండలకు అవతల సంస్కృతం మస్తు కలిసింది. తమిళంల మన లెక్కనే వచ్చిండు అంటె ఒక తోక, వచ్చింది అంటె ఒక తోక ఉంటది. మళయాళంల ఆ తోకలు ఒక్కొక్కటే రాలిపోయినయి. ఏ రాయికాడ ఏ తోక రాలిందో దేవులాడుతాన్న.”

“అంటె ఎవలికి తెల్వకుంటనే దూరమైనయన్నట్టు.”

“మస్తు చెప్పినవమ్మా. నా పుస్తకంల రాసుకుంట.”

నీల మాత్రం తీగ మీది బిడ్డ చున్నీని ఊరికే సరిచేసింది. ఇదే బిడ్డ ఒకప్పుడు సాంచె చప్పుడు లేకపోతే నిద్రపోయేది కాదు. ఇప్పుడు సిరిసిల్లకు వస్తే దూది చెవుల్లో పెట్టుకుంటుంది.

మర్నాడు పొద్దున ఇద్దరూ మేడిపల్లి పోయారు. అక్కడ శ్రీనివాస్ రావు చెలకలో, పసుపు చేనుకు ఆనుకుని, నడుములోతు భూమిలో దిగిపోయిన రాయి ఒకటుంది. ఆ రాయి మీద ఏం రాసుందో చూసిపెట్టమని ఆయనే అడిగాడు. “మా తాతల పేర్లు ఉంటయమ్మ, చూడు” అన్నాడు కూడా. ఆయన తాతలు ఆ ఊరికి దొరలు. ఇప్పుడు ఆయన కోరుట్లలో ఎరువుల వ్యాపారం చేస్తున్నాడు.

కల్యాణి చుట్టూ మట్టి తవ్వించి, రాయిని బ్రష్షుతో రుద్ది కడిగింది. తడికాగితం కప్పింది. గట్టి కుచ్చుల బ్రష్షుతో టపటపా కొట్టసాగింది. ఆ చప్పుడు చేను మీదుగా దూరం పోయింది. తర్వాత గుడ్డముద్దను నల్లసిరాలో ముంచి, రాయి మీద అద్దడం మొదలుపెట్టింది. కాగితం చూస్తుండగానే నల్లబడింది. కల్యాణి చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి.

దారిలో పోతున్న ట్రాక్టరు ఒకటి ఆగింది. అందులోని ముగ్గురు దిగి, గట్టు మీద నిలబడ్డారు. దగ్గరికి రాలేదు. ఒకడు ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

“గా పోరగాడు ఏం తీస్తాండే?” అంది నీల.

“తీయనియ్యమ్మా. చదువుకున్నోల్లు రాళ్ళను కూడ కడుగుతరని చూసుకుంటరు.”

నీల వాళ్ళ వైపు చూసి నవ్వబోయింది. వాళ్ళు నవ్వలేదు. ఫోను దించి, ఏదో గుసగుసలాడుకుని, ట్రాక్టరు ఎక్కి పోయారు. పోతున్నప్పుడు చివరివాడు రాయి వైపు చూసి, నేల మీద మూడుసార్లు ఉమ్మాడు. కల్యాణి అది చూడలేదు. నీల చూసింది.

సాయంత్రం శ్రీనివాస్ రావు పైకి వచ్చాడు. కొత్త నల్లకాగితాన్ని గోడకు ఆనించి, కల్యాణి వేలితో అక్షరాలు చూపించింది.

“గిది మన తెలుగే సార్, పాతది. మీ తాతల పేర్లు లేవు. గీ చెలకను చెరువుకు కాపలా ఉండేటోల్లకు ఇచ్చిర్రని ఉంది. చెరువు ఉన్నన్ని రోజులు వాళ్ళదే అని.”

శ్రీనివాస్ రావు కాసేపు కాగితాన్ని కాక కల్యాణిని చూశాడు. “గీ ముచ్చట ఇంకెవలకన్న చెప్పినవా?”

“ఇంక లేదు సార్. రాసి పంపాలె.”

“పంపుదువుతీయ్. తొందరేముంది?” అని ఆయన దిగిపోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగి ఆగి వినిపించింది.

“ఎందుకు చెప్పినవే? మన గదికి ఆయనే ఓనరు,” అంది నీల.

“రాసుంది చెప్పిన. లేనిది చెప్పమంటవా?”

అదే రోజు పొద్దుగూకే వేళ, నీల పిట్టగోడ మీద ఎండిన మిరపకాయలు ఎత్తుతుంటే, పక్క డాబా నుంచి శంకరవ్వ పలకరించింది. శంకరవ్వకు డెబ్బయి దాటాయి. ఆ వాడకట్టులో ఏ ఇంట్లో ఏ కూర వండారో ఆమెకు మసాలా వాసనతో సహా తెలుసు.

“ఏం చెల్లె, మీ పిల్ల ఏందో నల్లగ ఆరేసింది? చూస్తనే భయమేసింది.”

ఇక్కడే నీల చేయరాని పని చేసింది. చదువు కాగితాలవ్వా అని ఒక్కమాట అని ఊరుకుంటే పోయేది. భయం ఉన్న మనిషికి ఒక్కమాట చాలదు. ఇన్ని రోజులుగా కడుపులో దాచుకున్నదంతా ఎవరికైనా చెప్పుకుంటే బరువు తగ్గుతుందనిపించింది.

“అవి మళయాళపు దేశంకెళ్ళి తెచ్చిందవ్వా. వెయ్యేండ్లయట. వద్దంటె ఇనది. మొన్న నెలరోజులు ఒక్కతే తిరిగింది, కొండలల్ల, పాడుబడ్డ గుళ్ళల్ల. వచ్చిన కాన్నుంచి సరిగ తింటలేదు. నడిజామున లేసి గవి ముందలేసుకుని పెదవులు ఆడిచ్చుకుంట చదువుతది. నాకైతె ఏమన్న అయితదేమోనని...”

శంకరవ్వ ముఖం మెల్లగా మారింది. “మళయాళపు మంత్రాలా!”

“మంత్రాలు కాదవ్వా, భాష. రెండు భాషలు ఎట్ల ఇడిపోయినయో...”

“ఇడగొట్టే మంత్రమా?”

“అయ్యో, కాదవ్వా!”

“నాకు తెల్వదా చెల్లె? మా చిన్నప్పుడు పెద్దోల్లు మంత్రాలేసే మళయాళపోడు అని పేరు తీస్తె పిల్లలు అన్నం ముందలికెళ్ళి లేసెటోల్లు కాదు. నీ బిడ్డ మంచిదే, నేను కాదన్ననా? కాని గసొంటియి ముట్టుకుంటె తగుల్తది. ఎర్రన్నం కలిపి, నిమ్మకాయ కోసి, మిరపకాయలతోని దిష్టి తీసి మూడుతొవ్వల కాడ పెట్టు. ఎనకకు సూడకుంట రా.”

నీలకు ఆ మాట చల్లగా తగిలింది. ఏదైనా చేయడానికి ఒక పని దొరికితే భయం కాస్త సన్నబడుతుంది. అన్నంలో పసుపు, సున్నం కలిపి ఎర్రగా చేసింది. కల్యాణి మంచం మీద పుస్తకం గుండెల మీద పెట్టుకుని కునుకు తీస్తోంది. లేచి ఉంటే నవ్వేది, కోపం కూడా చేసేది. నీల ఆ అన్నం, నిమ్మకాయ, మిరపకాయలు విస్తరాకులో పెట్టి, ఆమె చుట్టూ మూడుసార్లు తిప్పింది. ఇరుగుదిష్టి, పొరుగుదిష్టి, వెయ్యేండ్ల దిష్టి, చచ్చినోల్ల దిష్టి అన్నీ పోవాలని మనసులోనే అనుకుంది. కొంగు కింద విస్తరాకు పట్టుకుని దిగి, సందు చివర మూడు దారులు కలిసే చోట పెట్టి వచ్చింది. వెనక్కి చూడలేదు.

వెనక్కి చూసుంటే, ఆ మూల మీద మొదటి ఇంటి గేటు ఎవరిదో ఆమెకు కనబడేది. అది ట్రాలీ ఆటో నడిపే సురేశ్‌ది. అతనికి రెండేళ్ళ కూతురు.

తెల్లారి పాలప్యాకెట్ల వేళకే సందులో అరుపులు. నీల డాబా అంచు నుంచి తొంగి చూసింది. సురేశ్ భార్య పిల్లను భుజాన వేసుకుని ఆటో ఎక్కుతోంది. పిల్ల తల వెనక్కి వాలిపోయి ఉంది. కాళ్ళు కొట్టుకుంటున్నాయి. జ్వరానికి ఫిట్స్ వచ్చాయని, ఊళ్ళోని దవాఖానకు తీసుకుపోతున్నారని కింద ఎవరో ఎవరికో చెప్పారు. ఆటో పోయింది. దాని చక్రం విస్తరాకు మీదుగా పోయింది. ఎర్రన్నం దారి మీద చెదిరింది.

జనం ఆటో వెనక చూడలేదు. అన్నం చుట్టూ చేరారు.

నీల పిట్టగోడ చాటున కూర్చుని, ఫోను తీసి గంగారాంకు చేసింది. అవతల సాంచెల చప్పుడు.

“ఏమయ్యా, జర బయటికి రా, వినబడ్తలేదు.”

“ఏమైందే, మళ్ళ గ్యాసా?”

నీల చెప్పింది. చెబుతున్నప్పుడు భర్త ఒక్కసారీ నవ్వలేదు. దానికే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ భయమేసింది.

“అన్నం నువ్వే పెట్టినవని ఎవలికన్న ఎరుకేనా?”

“శంకరవ్వకు.”

“బిడ్డకు?”

“లేదు.”

“చెప్పకు. బ్యాగు సర్దుకుని ఇద్దరు బస్సెక్కుర్రి. మంత్రాలు చేసిర్రని మనుషులను ఏం చేస్తున్నరో నువ్వే కద రోజు పేపర్ల చదివి నాకు వినిపిస్తవ్. ఇప్పుడే ఎల్లుర్రి.”

కల్యాణి ముఖం కడుక్కుని వచ్చింది. నీల అప్పటికే బ్యాగులో బట్టలు కుక్కుతోంది.

“ఎటు పోతున్నమమ్మా?”

“సిరిసిల్లకు. బాపుకు బాగలేదు.”

“బాపుతోని నిన్న రాత్రే మాట్లాడిన. బాగనే ఉన్నడు. ఏమైంది, నిజం చెప్పు.”

“సురేశ్ పిల్లకు బాగలేదు. జనం ఏదో అనుకుంటున్నరు. నీ కాయితాలను చూసి.”

“కాయితాలను చూసా?” కల్యాణి నవ్వబోయి, తల్లి ఇంకా బట్టలు కుక్కుతూనే ఉండడం చూసి ఆగింది. “పిల్లకు ఎట్లుందో కనుక్కుందాం. ఏం తప్పు చేసినమని ఉరుకుడు? ఇప్పుడు ఉరికితె నిజంగనే చేసిర్రు అనుకుంటరు.”

“అనుకోనీ! బతికుంటె ఏమన్నా అనుకోనీ!”

“సరే, పోదాం. కాయితాలు తీసుకొస్త.”

ఆ ఏడు కాగితాలు ఒక్కొక్కటే విప్పి, మధ్యలో పల్చటి కాగితం వేసి చుట్టాలి. కల్యాణి తొందరపడలేదు. తొందరపడితే చిరుగుతాయి. ఐదు కాగితాలు చుట్టేసరికి కింద గేటు తీసిన చప్పుడయింది. వినబడ్డ అడుగులు ఒక్కరివి కావు.

ఇరవై మంది దాకా వాకిట్లోకి వచ్చారు. ముందు సురేశ్ ఉన్నాడు. భార్యను, పిల్లను దవాఖానలో దించి, తమ్ముడిని కాపలా పెట్టి, తిరిగి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతని వెనక కొందరి చేతుల్లో ఫోన్లు. వరండాలో శ్రీనివాస్ రావు తెల్ల బనీనుతో నిలబడి ఉన్నాడు. ఆయన భార్య రుక్మిణి తలుపు సగం మూసి, ఆ సందులోంచి చూస్తోంది.

“మేడం, జర కిందికి రాండ్రి,” అన్నాడు సురేశ్. గొంతులో మేడం అన్న మర్యాద ఇంకా మిగిలే ఉంది.

కల్యాణి దిగింది. చేతిలో ఆరో కాగితం అలాగే ఉంది. నీల ఆమె చున్నీ కొసను వేలికి చుట్టుకుని వెనకే దిగింది.

“పిల్లకు ఎట్లుందన్నా?” అంది కల్యాణి.

“ఇంక కండ్లు తెరుస్తలేదు. ఏమైందో నీకే ఎరుక ఉండాలె. మేడిపల్లిల రాయికాడ ఏం చేసినవ్?” ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. అందులో, చేనులో, మోచేతుల దాకా నల్లటి చేతులతో ఒక ఆడమనిషి రాయిని కొడుతోంది. పక్కన ఇంకో ఆడమనిషి గాలిలోకి చూస్తోంది. ఆ రెండో మనిషి తనేనని నీలకు గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

“రాయి మీద రాత తీసినన్నా. సారే అడిగిండు.”

అందరూ వరండా వైపు చూశారు. కల్యాణి కూడా చూసింది. శ్రీనివాస్ రావు గొంతు సవరించుకున్నాడు. అంతే. ఫోను తీసి అందులో ఏదో చదవసాగాడు.

“దొరా, మీరు చెప్పిర్రా?” అంది గుంపులోంచి శంకరవ్వ.

ఆయన తల ఎత్తలేదు. రుక్మిణి తలుపు ఇంకాస్త మూసింది.

“మరి గీ చేతుల ఉన్నదేంది?” అన్నాడు సురేశ్.

“గిది కేరళ నుంచి తెచ్చింది. గీ రాత పేరు వట్టెళుత్తు. తమిళం, మళయాళం వేరు కాకముందుది. ఉత్త భాషన్నా. గుడికి దీపం పెట్టెటందుకు ఎవలో నెయ్యి ఇచ్చిర్రు, గది రాసిర్రు.”

“చదువు మరి. ఉత్త భాషే అయితె చదువు, అందరం వింటం.”

నీల చున్నీ గట్టిగా లాగింది. వద్దు అన్నట్టు. కల్యాణికి అర్థం కాలేదు. లేదా అర్థమైనా, రాసుంది చెప్పడమే ఆమెకు తెలిసిన పని. కాగితం విప్పి, చదివింది. ఆ మాటలు గొంతు లోపలి నుంచి, నాలుక వెనక్కి మడిచి పలికేవి. గుంపులో ఇద్దరు వెనక్కి జరిగారు. ఎవరో పిల్లను చంకనెత్తుకున్న ఆమె పిల్ల చెవి మూసింది.

“అర్థం చెప్పు!”

“రోజుకింత నెయ్యి గుళ్ళె దీపానికి ఇచ్చిన. సూర్యుడు చంద్రుడు ఉన్నన్ని రోజులు గది వెలగాలె.”

“అయిపోయిందా? కింద ఇంకో వరస ఉంది కద,” అన్నాడు సురేశ్, కాగితం కింది అంచుకు వేలు చూపించి.

కల్యాణి ఆగింది. ఆమె ముఖంలో మొదటిసారి నీలకు భయం కనబడింది. కూతురి కళ్ళలో ఆ భయాన్ని చూడడానికే తాను ఇన్నేళ్ళు బతికున్నట్టు, చూడకుండా ఉండడానికే ఇన్నేళ్ళు భయపడినట్టు అనిపించింది.

“పాత రాళ్ళ మీద ఆఖరుకు గట్ల రాస్తరు. మన తెలుగు రాళ్ళ మీద గూడ ఉంటది. మేడిపల్లి రాయి మీద గూడ ఉంది.”

“ఏముందో చెప్పు!”

“దీనికి అడ్డం వచ్చినోడు... తల్లిని చంపిన పాపాన పోవాలె అని.”

వాకిలి ఒక్కసారి గుప్పుమంది. “శాపం! శాపమే చదివింది!” “మన ముందలనే చదివింది!” సురేశ్ కాగితం లాక్కున్నాడు. వెయ్యేళ్ళు రాయిగా నిలబడ్డది ఒక్క చప్పుడుతో రెండుగా చిరిగింది. కల్యాణి అయ్యో అంది. ఆ అయ్యో కూడా వాళ్ళకు మరోలా వినబడింది.

“మంత్రం చదివినవ్. రాయికాడ నల్లపూజ చేసినవ్. మళయాళపు కాయితాలు డాబా మీద వేలాడగట్టినవ్. రాత్రి మా గేటు ముందల ఎర్రన్నం, నిమ్మకాయలు పెట్టినవ్. పొద్దుగాల్ల నా పిల్ల పడిపోయింది. ఇంకేం చెప్పాలె?”

“ఎర్రన్నమా?” అంది కల్యాణి. “ఏ అన్నం? నాకు తెల్వదన్నా.”

“నకరాలు చేయకు!”

“నిజంగ తెల్వదు! నేనెందుకు పెడ్త?”

“మరి ఎవలు పెట్టిర్రు? గాల్లకెళ్ళి పడ్డదా? మొత్తం సందుల ఇంకెవల ఇంట్ల ఉన్నయి మళయాళపు కాయితాలు?” సురేశ్ గుంపు వైపు తిరిగాడు. “చెప్పుర్రి. ఎవలు పెట్టిర్రు గా అన్నం?”

శంకరవ్వ చూపు నీల మీద పడింది. పడి, అక్కడి నుంచి నేల మీదికి జారింది. పెట్టమన్నది తానే అని ఆమె ఎలా చెబుతుంది? చెబితే తన ముసలి ఎముకలకు ఏం మిగులుతుంది? శ్రీనివాస్ రావు ఫోను తెర మీద బొటనవేలు పైకీ కిందికీ జరుపుతూనే ఉన్నాడు. అందులో చదవడానికి ఏమీ లేదని నీలకు తెలుస్తోంది. గుంపు చివర ఎవరో ఒకడు పెట్రోలు అన్నాడు. నవ్వుతూ అన్నాడో ఎలా అన్నాడో తెలియదు. ఆ మాటకు ఎవరూ అతన్ని తిట్టలేదు.

కల్యాణి అందరి ముఖాలూ ఒక్కొక్కటే వెతుకుతోంది. తనవైపు మాట్లాడేవాళ్ళు ఒక్కరైనా ఉంటారని. తల్లి ముఖం మాత్రం చూడలేదు. అమ్మ ఈ గుంపులో భయపడే మనిషే కానీ, జవాబు చెప్పే మనిషి కాదని ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు.

తనే పెట్టానని నీల అంటే ఏమవుతుంది? తల్లీబిడ్డలిద్దరూ కలిసి చేశారంటారు. తల్లే నేర్పిందంటారు. గంగారాం చెప్పకు అన్నాడు. తాము ఎక్కాల్సిన బస్సు ఇప్పుడు కథలాపూర్ దాటి ఉంటుంది. పైగదిలో బ్యాగు సగం మూసి ఉంది. పిల్ల కళ్ళు తెరిస్తే అందరూ పోతారు. తెరవకపోతే? జరగబోయే చెడు ఆమెకు ఎప్పుడూ ముందే కనబడేది. ఇప్పుడు ఏమీ కనబడలేదు. కూతురి చున్నీ కొస చుట్టుకున్న వేలు తెల్లగా పాలిపోయి ఉండడం తప్ప.

“ఆఖరుసారి అడుగుతాన్న,” అన్నాడు సురేశ్, కల్యాణి చెయ్యి పట్టుకుని. “ఎవలు పెట్టిర్రు?”

ఎక్కడో దూరంగా ఆటో హారను మోగింది. సురేశ్ వేళ్ళు కల్యాణి మణికట్టు మీద బిగుస్తున్నాయి.

నీల వేలి నుంచి చున్నీ విప్పింది. ముందుకు నడిచింది. సురేశ్‌కూ కూతురికీ మధ్యలో, ఇద్దరి చేతులకూ అడ్డంగా నిలబడింది.

“నేనే పెట్టిన,” అంది. గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. “నా బిడ్డకు దిష్టి తీసి, నా చేతులతోని, నేనే తెచ్చి పెట్టిన. నా బిడ్డకు ఎరుక లేదు. ఏం అడిగేదున్నా నన్ను అడుగుర్రి.”